నాలుగో ఫ్రీజరు

"దొంగతనం అన్నారు. దొంగ పేరు కూడా చెప్పారు. ఒక్కటి మాత్రం చెప్పలేదు డాక్టర్. ఆరేళ్ళ పిల్ల కణితి ముక్క ఎత్తుకుపోయి ఎవడేం చేసుకుంటాడు?"

డాక్టర్ ఫినెల్లా ఆర్డ్ నా వైపు చూడలేదు. బల్ల మీద ఉన్న కాఫీ కప్పుని అటు తిప్పింది, ఇటు తిప్పింది. అందులో కాఫీ లేదు.

"మందుల కంపెనీలకి అవి కావాలి. మా ల్యాబులో పనిచేసిన రూబెన్ ఇక్కడ మానేసి కంపెనీలోనే చేరుతున్నాడు. ఏ ముక్క ఎక్కడుందో వాడికి తెలుసు. ఇంకేం కావాలి మీకు?"

"మిగతావి ఎందుకు వదిలేశాడు? పక్కనే వందల గొట్టాలున్నాయి. కంపెనీకి తీసుకుపోయేవాడు ఒక్క ఈడీ ప్రింగిల్ గొట్టమే ఏరుకుని పోతాడా?"

"వాణ్నే అడగండి."

"అడిగాను. ఏడ్చాడు."

"ఏడవని దొంగని ఎక్కడైనా చూశావా హిల్డా?"

ఈ మాటన్నది ఆవిడ కాదు. తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ గ్రేమ్ స్టోబర్ట్ నిలబడి ఉన్నాడు. నేను పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు నా కింద కానిస్టేబులు. అప్పట్లో నాకు చేపల వేపుడు పొట్లం తెచ్చిపెట్టేవాడు. ఇప్పుడు కోటు వేసుకుని నాకు బుద్ధులు చెబుతాడు.

"ప్రైవేటు డిటెక్టివ్ హిల్డా హెస్లాప్ గారూ, ఈ కేసు నేను మూసేశాను. రిటైరైన వాళ్ళకి గులాబీలకి నీళ్ళు పోసుకునే పని ఉంటుంది కదా, నీకు లేదా?"

"నాకు తోట లేదు గ్రేమ్. రూబెన్ ల్యాంబ్టన్ మీద నీ దగ్గరున్న సాక్ష్యం ఏమిటి?"

"వాడి కార్డుతో ఈ తలుపు తెరుచుకుంది. ఉద్యోగం ఆఖరి రోజున."

"ఆఖరి రోజున మనిషి తన సామాను సర్దుకోవడానికి రాడా? నువ్వు మన స్టేషను వదిలిపోయినప్పుడు ఒక్క చొక్కా కోసం మూడుసార్లు వచ్చావు. నిన్ను లాకప్పులో పెట్టానా?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. కాని తగ్గలేదు.

"ఆ చొక్కా మా అమ్మ కొనిచ్చింది. ఇది వేరు."

వేరే. నిజంగా వేరే. ఇక్కడ పోయింది చొక్కా కాదు.

విషయం ఇది. న్యూకాసిల్‌లోని ఈ పిల్లల ఆసుపత్రి వెనక భాగంలో టిష్యూ బ్యాంకు ఉంది. కేన్సరు వచ్చిన పిల్లలకి ఆపరేషన్ చేసినప్పుడు, బయటికి తీసిన కణితిలోంచి గోరంత ముక్క కోసి, దానితోపాటు కాస్త రక్తం తీసి, తల్లిదండ్రుల అనుమతితో గడ్డకట్టించి దాస్తారు. ఇవాళ మందు లేని జబ్బుకి రేపెవరైనా మందు కనిపెడితే ఆ ముక్కే దారి చూపిస్తుందని ఆశ. ఈ బ్యాంకుని ప్రభుత్వం కట్టలేదు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు కేకులు అమ్మి కట్టారు. తండ్రులు వానలో పరిగెత్తి చందాలు పోగుచేసి కట్టారు. కార్లలో వచ్చి రిబ్బన్లు కత్తిరించిన పెద్దమనుషులు ఒక్క ఫ్రీజరు కూడా కొనలేదు.

ఈడీకి మూడేళ్ళప్పుడు మూత్రపిండం పైన కణితి వచ్చింది. తీసేశారు. ముక్క ఇక్కడ దాచారు. ఇప్పుడు జబ్బు తిరగబెట్టింది. ఈసారి వెన్నెముక చుట్టూ, పెద్ద రక్తనాళాల చుట్టూ చుట్టుకుంది. కత్తి పెట్టడానికి లేదు, కొత్త ముక్క కోసం సూది గుచ్చడానికీ లేదు. ఇక్కడి మందులన్నీ అయిపోయాయి. జర్మనీలో డాక్టర్లు ఒక ప్రయత్నం చేస్తామన్నారు: మొదటి కణితి ముక్క పంపితే దాని జన్యువులు చదివి, ఆ పిల్ల ఒక్కదాని కోసమే మందు తయారుచేస్తారు. చెడకుండా గడ్డకట్టి ఉన్న ముక్క కావాలి. అది లేకపోతే వాళ్ళూ చేతులెత్తేస్తారు.

ఈడీ తల్లి జోనీన్ ముక్క ఇమ్మని అడిగింది. బ్యాంకు వాళ్ళు పోయిందన్నారు. ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"ఫ్రీజర్లు చూపించండి," అన్నాను.

"ఊరికే తలుపులు తెరిస్తే లోపలి చలి పోతుంది," అంది ఆర్డ్. చాలా తొందరగా అంది.

"ఊరికే తెరవమనట్లేదు. ఒక పసిదాని ప్రాణం కోసం తెరవమంటున్నాను."

స్టోబర్ట్ భుజాలెగరేశాడు. "చూపించండి డాక్టర్. చూసి, తృప్తిపడి, ఇంటికి పోతుంది. నేను మొన్ననే అన్నీ చూశాను."

లోపలి గదిలో ఆరు ఫ్రీజర్లున్నాయి. ఒక్కొక్కటి బట్టల బీరువా అంత. ఆరూ ఒకే శ్రుతిలో గుర్రుమంటున్నాయి. గోడవార చేతులు కడుక్కునే తొట్టి, దాని పక్కన నాలుగో నంబరు. నేను ముందు తలుపుల వైపు పోలేదు, వెనక్కి వంగి చూశాను. ఐదింటి ప్లగ్గుల మీద దుమ్ము మేటవేసి ఉంది. నాలుగోదాని ప్లగ్గు చుట్టూ మాత్రం ఎర్ర టేపు, కొత్తది, నాలుగైదు చుట్లు. మీద లావు పెన్నుతో 'తీయకూడదు' అని రాసి ఉంది.

"దీనికొక్కదానికే ఎందుకు?"

"వదులుగా ఉంది, బిగించాం," అంది ఆర్డ్.

మోచేతుల దాకా వచ్చే తొడుగులు ఇచ్చింది. వేసుకున్నాను. ఆవిడ మొదటి ఫ్రీజరు తెరిచింది. తెల్లటి ఆవిరి మోకాళ్ళ మీద పడింది. అరల నిండా అట్టపెట్టెలు. పై అరలో, పెట్టెల ముందు, ఒక ప్లాస్టిక్ కప్పు. కప్పు నిండా మంచుగడ్డ. గడ్డ మీద మంచుపొర కప్పుకున్న యాభై పెన్నీల నాణెం.

"ఇదేమిటి, దేవుడి హుండీయా?"

ఆ ఉదయం మొత్తంలో ఆర్డ్ ముఖం మొదటిసారి కాస్త విచ్చుకుంది.

"ఈ బ్యాంకు మొదలుపెట్టిన ప్రొఫెసరుగారి అలవాటు. కప్పులో నీళ్ళు గడ్డకట్టించి మీద నాణెం పెడతాం. ఎప్పుడైనా కరెంటు పోయి లోపల కరిగిందనుకోండి, నాణెం మునిగిపోతుంది. తర్వాత మళ్ళీ గడ్డకట్టినా అడుగునే ఉండిపోతుంది. నాణెం పైనుంటే, లోపలున్న ముక్కలు ఎన్నడూ కరగలేదని అర్థం."

"వీటిని ఎప్పుడు పెట్టారు?"

"ప్రారంభోత్సవం రోజునే, అన్నిట్లోనూ. అప్పటినుంచి ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోనివ్వం."

"ప్రారంభోత్సవం ఎప్పుడు?"

"కోవిడ్‌కి ముందు ఏడు."

"నాలుగోదాంట్లో కూడా నాణెం పైనే ఉంది హిల్డా," అన్నాడు స్టోబర్ట్, నవ్వుతూ. "నువ్వు ఎటు పోతున్నావో తెలుసు. ఫ్రీజరు పాడైందేమోనని నాకూ అనుమానం వచ్చింది. అందుకే చూశాను. నాణెం గడ్డ మీద దర్జాగా కూర్చుంది. రిపోర్టులో రాశాను కూడా."

"దర్జాగానా?"

"మహారాజులా."

ఆ మాట వాడు యథాలాపంగా అన్నాడు. నేనూ అప్పుడు పట్టించుకోలేదు.

రెండోది తెరిపించాను. నాణెం మీది మంచుని తొడుగు వేలితో గట్టిగా రుద్దాను. రాణిగారు, కుడివైపు చూస్తూ, తల మీద కిరీటంతో. మూడోది తెరిపించాను. రాణిగారే. ఐదులో రాణిగారు. ఆరులో రాణిగారు. మొదటిదానికి తిరిగి వెళ్ళి రుద్దాను. ఆవిడే.

"చేతులు పడిపోతాయి, చాలించండి," అంది ఆర్డ్.

"నాలుగోది."

ఆవిడ కదల్లేదు. నేనే తెరిచాను.

కప్పు అలాంటిదే. గడ్డ అలాంటిదే. నాణెం పైనే ఉంది, మంచుపొర మాత్రం పలచగా ఉంది. రుద్దాను. ముఖం ఎడమవైపు తిరిగి ఉంది. కిరీటం లేదు.

"గ్రేమ్, ఇలా రా నాయనా. ఈయనెవరు?"

వాడు వంగి చూశాడు. "రాజుగారు."

"బ్యాంకు తెరిచిన రోజున ఈయన ఎవరు?"

స్టోబర్ట్ మళ్ళీ వంగి నాణెం చూశాడు. ఆ రోజున ఈయన ఇంకా యువరాజు. ఈయన బొమ్మతో ఈ దేశంలో ఒక్క నాణెం కూడా చలామణీలో లేదు.

అప్పుడు ఆర్డ్, "ముందు తలుపు మూయండి," అంది. అలవాటుగా వచ్చిన మాట అది. అన్నాక తనే ఆగిపోయింది. "వద్దులెండి. మూసి కాపాడేది ఏముంది ఇందులో."

"ఎప్పుడు?"

"పోయిన ఆగస్టు. సోమవారం సెలవు వచ్చిన వారాంతం. శనివారంనాడు కుటుంబాలన్నిటినీ పిలిచాం, మీరు కట్టిన బ్యాంకు వచ్చి చూసుకోండని. కేకులు, టీ, పిల్లలకి బెలూన్లు. అందరికీ చూపిస్తూ మాటిమాటికీ తలుపులు తెరిచాం. తెరిచినప్పుడల్లా అలారం మోగింది. పిల్లలు చెవులు మూసుకుని ఏడుస్తున్నారు. నేనే అలారం ఆపాను. సాయంత్రం మళ్ళీ వేయడం మరిచిపోయాను." ఇవన్నీ చాలాసార్లు తనలో తాను చెప్పుకున్న మాటల్లా వచ్చాయి. "మంగళవారం పొద్దున వచ్చేసరికి నేల మీద నీళ్ళు. ఫ్రీజరు వైరు ఊడి ఉంది. లోపల అన్నీ కరిగి, గోరువెచ్చగా..."

"ప్లగ్గు ఎవరు తీశారు?"

"టీ బాయిలరు పెట్టుకోవడానికి తీశారు."

"ఎవరని అడుగుతున్నాను."

"చెప్పను."

నాకు ఒళ్ళు మండింది. "నాణెం మార్చడం మాత్రం చాతనైందా?"

"కప్పులో నీళ్ళు తొట్టిలో పారబోశాను. పాత నాణెం నీళ్ళతోపాటు జారి, నీళ్ళు పోయే గొట్టంలో పడిపోయింది. పర్సులో చేతికి దొరికింది పెట్టాను. డబ్బు మీద ముఖం ఎవరు చూస్తారు?"

ఆవిడ ఒక పెట్టె లాగింది. అందులోంచి చిటికెనవేలంత గొట్టం తీసి నా తొడుగు మీద పెట్టింది. ఈడీది. ఎవడూ ఎత్తుకుపోలేదు. తన చోటులో తను అలాగే ఉంది. కరిగి, కుళ్ళి, మళ్ళీ గడ్డకట్టి ఉంది.

"దీంతో జర్మనీ వాళ్ళు ఏమైనా..."

"ఏమీ చెయ్యలేరు. ఇందులో చదవడానికి ఒక్క అక్షరం మిగల్లేదు."

"దీంట్లో ఎంతమంది పిల్లలవి ఉన్నాయి?"

"రెండు వందల పైచిలుకు."

"ఆగస్టు తర్వాత వీటిలోంచి ఎవరికైనా ఇచ్చారా?"

ఆవిడ తల దించుకుంది. "పరిశోధకులు అడిగారు. ఇవ్వకపోతే ఎందుకని అడుగుతారు. ఇచ్చాను."

"వాళ్ళకి ఏం తేలింది?"

"ఏమీ తేలలేదు. ఏమీ తేలలేదని వ్యాసాలు రాసుకున్నారు."

చూశారా. పిల్లలు చచ్చిపోయారు. వాళ్ళ ఒంట్లోంచి తీసిన ముక్కని తల్లులు కళ్ళకద్దుకుని ఇచ్చారు, ఇంకో పిల్ల బతుకుతుందని. ఈ చదువుకున్నావిడ దాన్ని కుళ్ళబెట్టింది. కుళ్ళిందని తెలిసీ పంచిపెట్టింది. ఆ కుళ్ళులో వెతికి ఈ దారిలో మందు లేదని నలుగురు తేల్చేశారు. నిజంగా మందు ఉన్న దారిని కూడా మూసేశారేమో ఎవరికి తెలుసు? తుపాకీతో కాల్చినవాణ్ని పట్టుకోవడం నాకు తెలుసు. ఇలాంటి హత్యకి సెక్షను లేదు.

"ఆ కుర్రాడు?" అన్నాను. "రూబెన్ ఏం పాపం చేశాడు?"

"జోనీన్ వచ్చి ముక్క ఇమ్మంది. కరిగిపోయిందని చెప్పలేకపోయాను. పోయిందన్నాను. ఎలా పోయిందని అడిగింది. వాడు అప్పుడే మానేశాడు... ఒక దొంగ ఉన్నాడంటే, ఆవిడకి తిట్టుకోవడానికి ఒక మనిషైనా ఉంటాడనుకున్నాను."

"మీరున్నారుగా! మిమ్మల్ని తిట్టుకోనివ్వండి!"

"నన్ను తిట్టాలంటే జరిగింది చెప్పాలి హిల్డా గారూ. అదే నావల్ల కాదు. నన్ను జైలుకి పంపండి. బ్యాంకుకి తాళం వేయించండి. ప్లగ్గు సంగతి మాత్రం ఈ గది దాటనివ్వకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

పరువు కోసం ఏడుస్తోందనుకున్నాను. ఆవిడ కళ్ళు గాజు తలుపులోంచి అవతలికి, తల్లిదండ్రులు కూర్చునే గది వైపు పోవడం చూశాను. చూసి కూడా చూడలేదు. స్టోబర్ట్ చూశాడు. వాడి ముఖంలో రంగు మారింది.

"డాక్టర్," అన్నాడు మెల్లగా, "ఆ రోజు టీ ఎవరు..."

"ఆ విచారణ నువ్వు తర్వాత చేసుకో," అని తొడుగులు పీకి తొట్టిలో విసిరేశాను. "ముందు వెళ్ళి అమాయకుణ్ని లాకప్పులోంచి వదిలిపెట్టు."

"హిల్డా, ఆగు. నా మాట విను."

"ఇన్నాళ్ళూ నీ మాట విన్నందుకే ఆ తల్లి తప్పుడు మనిషిని శపించుకుంటూ కూర్చుంది."

"అది కాదు, ఆగు! ఆవిడకి చెప్పకు!"

ఆగలేదు. నాకు ఎప్పుడూ ఉన్న జబ్బే అది. కోపం వస్తే నా చెవులు పనిచేయవు.

తల్లిదండ్రుల గదిలో జోనీన్ ప్రింగిల్ కూర్చుని లేదు. కెటిల్ దగ్గర నిలబడి, ఎవరో తెలియని తండ్రికి టీ కలిపి ఇస్తోంది. బడిలో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించే ఉద్యోగం ఆవిడది. నలుగురున్న చోట చేతులు ఊరికే పెట్టుకోలేదు. కప్పు పుచ్చుకుని ఆ తండ్రి బయటికి వెళ్ళిపోయాడు.

"రా తల్లీ, నీకూ పోస్తాను. పాలు కాస్త ఎక్కువే వేస్తా, ముఖం పీక్కుపోయింది," అంది. అప్పుడు నా ముఖం సరిగ్గా చూసింది. కెటిల్ కింద పెట్టేసింది. "దొరికిందా?"

"దొరికింది జోనీన్. పనికిరాదు."

"పనికిరాకపోవడమేమిటి? ముక్క ముక్కే కదా?"

"కరిగిపోయింది. పోయిన ఆగస్టులోనే. మళ్ళీ గడ్డకట్టించి దాచేశారు. దొంగతనం అబద్ధం. రూబెన్ ఏ పాపం ఎరగడు."

ఆవిడ ఏడవలేదు. కుర్చీ వీపు పట్టుకుంది.

"జర్మనీ వాళ్ళు ఇంకో మార్గమేదైనా..."

"లేదన్నారు."

"మరి ఈడీకి ఏమని చెప్పను? విమానం ఎక్కిస్తావా అని రోజూ అడుగుతోంది." అంతలో ఆవిడ గొంతు మారింది. గట్టిపడింది. "ఎవరు చేశారు హిల్డా? పేరు చెప్పు. నాకు ఇంకేమీ వద్దు. పేరొక్కటి చెప్పు చాలు."

"కుటుంబాల్ని పిలిచిన రోజు జరిగింది. ఆ డాక్టరు అలారం ఆపి, వేయడం మరిచిపోయింది. ఇంకెవరో టీ బాయిలరు కోసం ఫ్రీజరు ప్లగ్గు పీకారు. ఎవరో ఆవిడ చెప్పట్లేదు. కనుక్కుంటాను. నీ మీద ఒట్టు, వాణ్ని పట్టుకునేదాకా నిద్రపోను."

జోనీన్ నన్నే చూస్తోంది.

"ఏ ఫ్రీజరు?"

"నాలుగోది."

"నంబరు నాకు తెలీదు. ఎక్కడుంటుంది?"

"చేతులు కడుక్కునే తొట్టి పక్కన."

చెప్పేశాక, నా మాట నా చెవిన పడ్డాక, అప్పుడు తెలిసింది నాకు. మంచు కింద రాజుగారి ముఖం ఏ వైపు తిరిగిందో కనిపెట్టిన దాన్ని. నా ఎదురుగా ఉన్న ముఖాన్ని చదవలేకపోయాను.

తలుపు తోసుకుని స్టోబర్ట్ వచ్చాడు. రొప్పుతున్నాడు.

"మిసెస్ ప్రింగిల్, ఈవిడకి పూర్తిగా తెలీదు. మోటారు కాలిపోయింది. ప్లగ్గు కాదు. యంత్రంలోనే లోపం ఉంది, నేను స్వయంగా చూశాను..."

వాడికి అబద్ధం చెప్పడం ఎప్పుడూ చేతకాలేదు. జోనీన్ వాడి వైపు తిరగను కూడా లేదు.

"బాయిలరు మా బడి వంటింట్లోంచి నేనే మోసుకొచ్చాను," అంది. "అందరూ దాహంతో ఉన్నారు. ఎక్కడా సాకెట్ దొరకలేదు. తొట్టి పక్కన పెద్ద పెట్టె వెనక ఒకటి కనపడితే చెయ్యి దూర్చి..." చెయ్యి గాల్లోకి చాచి, వేళ్ళు మూసి, అలాగే ఉంచేసింది. "ఈడీ ఆ రోజు బాగా పరిగెత్తింది హిల్డా. బెలూన్ పట్టుకుని గది నిండా పరిగెత్తింది. ఊడదీసిన వైరు నేల మీద పడి ఉంటే దాని కాళ్ళకి అడ్డం పడుతుందని, చక్కగా చుట్ట చుట్టి, పెట్టె వెనక్కి నెట్టేశాను."